డ్రైవరుకు గంటలు అయిపోయిన సాయంత్రం

మా యూరప్ టూరులో పన్నెండో రోజు, రోమ్‌లో. సాయంత్రం ఐదూ ఇరవైకి హోటలు ముందు బస్సు ఆపి, డ్రైవరు తన ముందున్న చిన్న పెట్టెలోంచి ఏటీఎం కార్డులాంటిది ఒకటి బయటికి లాగి జేబులో పెట్టుకున్నాడు. అంతే, ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా బస్సు కదల్లేదు. ఆ రాత్రికి ప్రోగ్రాంలో రాసి ఉన్న ట్రెవీ ఫౌంటెన్‌కి మమ్మల్ని తీసుకెళ్ళే దిక్కు లేకపోయింది.

ముప్ఫై ఎనిమిది మందిమి. గొడవ కాకుండా ఎలా ఉంటుంది? "మూడు లక్షల పైచిలుకు కట్టించుకున్నారు కదయ్యా" అని ఒకరు, "ఆయన చేతిలో ఓ ఇరవై యూరోలు పెడితే రాడా" అని ఇంకొకరు. మా టూర్ మేనేజరు నిండా ముప్ఫై కూడా లేని కుర్రాడు. "అంకుల్, డబ్బుల సంగతి కాదండీ. ఆయన గంటలు అయిపోయాయి" అన్నాడు. గంటలు అయిపోవడం ఏమిటో మాకు అర్థం కాలేదు. మన దగ్గర డ్రైవరుకు గంటలు అయిపోవడమనేది వినలేదు కదా. తిరుపతి నుంచి రాత్రంతా నడుపుకొచ్చి, పొద్దున్నే మొహం కడుక్కుని శ్రీశైలం బయల్దేరే డ్రైవర్లనే చూశాం.

డ్రైవరు కార్డు లాగిన ఆ పెట్టె పేరు ట్యాకోగ్రాఫ్, ఆయన ఎంతసేపు నడిపాడో, ఎంతసేపు ఆగాడో రాసుకునే యంత్రం. యూరోపియన్ యూనియన్ 2006లో చేసిన చట్టం ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. మామూలుగా రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు. ప్రతి 24 గంటల్లో 11 గంటలు ఏకబిగిన విశ్రాంతి తీసుకోవాలి. వారపు సెలవుకీ మళ్ళీ వారపు సెలవుకీ మధ్య మూడంటే మూడుసార్లు దాన్ని 9 గంటలకు కుదించుకోవచ్చు. ఆ మూడూ స్విట్జర్లాండ్ నుంచి వెనిస్ చేరేలోపు మా ఆలస్యాలకే ఖర్చయిపోయాయి. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. అక్కణ్ణుంచి వెనక్కి పదకొండు గంటలు లెక్కేసుకోండి. సరిగ్గా సాయంత్రం ఐదున్నర.

ఆ రోజు ఆలస్యానికి కారణం తోలుసామాన్ల దుకాణం. ప్రోగ్రాంలో దాని పేరు లేదు. "అరగంట, అంతే" అని దింపారు. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఇటలీలో ఒకే దుకాణంలో, ఒకే బిల్లు మీద 70 యూరోలు దాటి కొంటే పన్నులో కొంత ఎయిర్‌పోర్టులో వెనక్కొస్తుంది. ఆ మాట చెవిన పడగానే, అరవై రెండు యూరోలకు పర్సు కొనుక్కుని బయటికొచ్చిన వాళ్ళు బెల్టు కోసం మళ్ళీ లోపలికి వెళ్ళారు. తర్వాత ఫారాలు నింపడానికి పాస్‌పోర్టులు కావాలన్నారు. అవి బస్సులో ఉన్నాయి. బస్సు రెండు వీధుల అవతల ఉంది.

ఇదంతా ఫిర్యాదు కింద రాయడం లేదు. ఆ సాయంత్రం బస్సు కదలకపోవడమే మా పదమూడు రోజుల్లో జరిగిన మంచి విషయం అని చెప్పడానికి రాస్తున్నాను. గ్రూపు టూరులో చివరి ఒకటిన్నర రోజు ప్రోగ్రాం ఉండకూడదు. బస్సూ ఉండకూడదు, జెండా పట్టుకుని ముందు నడిచేవాడూ ఉండకూడదు. ఊళ్ళో వదిలేయాలి. నేను అనేది ఇంతే, కానీ దీన్ని ఎవరికి చెప్పినా ముందు "అసలు గ్రూపు టూర్లే దండగ" అనే దగ్గరికి లాక్కెళ్తారు. కాబట్టి ఆ సంగతి ముందు తేల్చేస్తాను.

గ్రూపు టూరు దండగ కాదు. డెబ్భై ఒక్కేళ్ళ మా అమ్మనీ, అరవై ఆరేళ్ళ మా పిన్నినీ నేనొక్కదాన్నీ వెంటేసుకుని లండన్ నుంచి రోమ్ దాకా తిప్పగలిగేదాన్ని కాదు. బ్రిటన్‌కి ఒక వీసా, మిగతా దేశాలకు షెన్‌గెన్ వీసా, రోజుకో ఊళ్ళో హోటలు, సాయంత్రమయ్యేసరికి అన్నం, పప్పు. ఇవన్నీ ఇంకొకరు చూసుకున్నారు కాబట్టే వాళ్ళిద్దరూ ఆల్ప్స్ చూశారు. గుంపుగా తిరిగేవాళ్ళను వెక్కిరించడం ఈనాటిది కాదు. థామస్ కుక్ 1841లో లెస్టర్ నుంచి లఫ్‌బరోకి మనిషికో షిల్లింగు చొప్పున రైల్లో జనాన్ని తీసుకెళ్ళాడు. 1864కల్లా ఇటలీకి గుంపులు పంపడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే, ఇటలీలో బ్రిటిష్ వైస్ కాన్సుల్‌గా ఉన్న చార్లెస్ లీవర్ అనే పెద్దమనిషి మారుపేరుతో పత్రికలో దుమ్మెత్తిపోశాడు. ఆస్ట్రేలియా ఇక ఖైదీలను తీసుకోనంటోంది గనక ఇంగ్లండు వాళ్ళను కుక్‌కి అప్పగించి ఇటలీ మీదికి తోలుతోందని ఎకసెక్కెం చేశాడు. డబ్బున్నవాడు ఒంటరిగా తిరిగితే యాత్రికుడు, గుమాస్తాలు నలభై మంది కలిసి తిరిగితే మంద! మనకైతే గుంపుగా వెళ్ళడం కొత్తా కాదు, నామోషీ కాదు. 1830లో, కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరింది ఒంటరిగానా? బోయీలు, బంట్లు, ఇంటివాళ్ళు, అంతా కలిసే వెళ్ళారు, ఏడాది పైన మూడు నెలలు.

అందుకని నా గొడవ గుంపుతో కాదు, చివరి రోజులతో.

లండన్‌లో దిగి బస్సులో దక్షిణానికి జారుకుంటూ వచ్చే టూర్లకు రోమ్ ఆఖర్న తగులుతుంది. రెండు వేల ఏళ్ళ పైబడిన ఊరు, అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసిన ఊరు, అందరి ఓపికా హరించుకుపోయాక వస్తుంది. పదకొండో రోజుకి మనిషి ఎలా ఉంటాడో తెలుసా? మాగాయ సీసా అడుగంటి ఉంటుంది. ఉతికిన మేజోళ్ళు అయిపోయి, హోటల్లో పిండి ఆరేసినవి తడిగా ఉండగానే తొడుక్కుంటాడు. రాత్రి పదకొండుకి సూట్‌కేసు బరువు చూడ్డానికి బాత్రూం తూకంలాంటిది దొరుకుతుందా అని రిసెప్షన్లో సైగలు చేస్తుంటాడు. సగం మనసు అప్పటికే శంషాబాద్‌లో దిగేసి ఉంటుంది.

అలాంటివాళ్ళకు రోమ్ ఎలా చూపిస్తారో చెప్తాను. కరపత్రంలో వాడే మాటలు జాగ్రత్తగా చదవాలని నాకు అప్పుడే తెలిసింది. "సందర్శన" అంటే లోపలికి వెళ్తాం. "ఫోటో స్టాప్" అంటే బయట దిగి పావుగంట. "ఓరియెంటేషన్ టూర్" అంటే బస్సు కిటికీ. కొలోసియం మాకు ఫోటో స్టాప్. క్రీ.శ. 80లో తెరిచిన ఆటస్థలం, యాభై వేల మంది కూర్చునేదని లెక్క. దాని ముందు ముప్ఫై ఎనిమిది మందిమి వరసగా వీపు తిప్పి నిలబడి ఫోన్లోకి నవ్వాం.

పాంథియాన్‌కి ఇరవై నిమిషాలిచ్చారు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన గుడి, గుమ్మటం అడ్డంగా కొలిచినా నేల నుంచి పైకి కొలిచినా అదే లెక్క, 43 మీటర్ల పైచిలుకు. ఇనుప ఊచ ఒక్కటి లేకుండా పోసిన కాంక్రీటు, ఇప్పటికీ ఆ రకంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. నడినెత్తిన గుండ్రటి కంత. కిటికీల్లేవు, వెలుగంతా అందులోంచే. వాన పడితే లోపల కూడా పడుతుంది, నీళ్ళు పోవడానికి నేలలో చిన్న చిన్న బెజ్జాలున్నాయి. గైడు ఇది చెప్పగానే పిన్ని తలెత్తడం మానేసి వంగి బెజ్జాలు వెతకడం మొదలుపెట్టింది. మూడు దొరికాయి. నాలుగోది వెతుకుతుండగా జెండా కదిలింది.

గైడంటే స్థానిక గైడు, చెవిలో పెట్టుకునే రేడియోలో ఇంగ్లీషు. ఇటలీలో లైసెన్సున్న గైడే చెప్పాలి. మా మేనేజరు తెలుగులో నోరు విప్పితే జరిమానా పడొచ్చట. అందుకని మా ఆడవాళ్ళు "ఏమంటోంది బాబూ" అని కొంగు పట్టుకు లాగినట్టు అడుగుతుంటే, అతను దూరంగా ఆకాశం చూస్తూ నిలబడేవాడు. బస్సెక్కాక మైకులో మొత్తం చెప్పేవాడు, అప్పటికి చూసింది మూడు మలుపుల వెనక ఉండేది.

స్పానిష్ స్టెప్స్ దగ్గర మెట్లు 135. ఎక్కి దిగిన అమ్మ మెట్టు మీద కూలబడింది. ఈల! పోలీసు చెయ్యూపుతున్నాడు. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చుంటే జరిమానా. "మెట్లు కూర్చోడానికి కాకపోతే ఎందుకూ" అంది అమ్మ, లేస్తూ. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పన్నెండో రోజు పొద్దున వాటికన్ మ్యూజియం. 2025 క్యాథలిక్కుల జూబిలీ సంవత్సరం, ఇసకేస్తే రాలని జనం. సిస్టీన్ చాపెల్లోకి వచ్చేసరికి గైడు కూడా మాట్లాడకూడదు, ఫోటో తీయకూడదు. మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా మెడ విరుచుకుని వేసిన కప్పు కింద మేమూ మెడ విరుచుకున్నాం. అమ్మకి మాత్రం కప్పు కన్నా ఇంకో సంగతి ముఖ్యం. "మే నెల్లో టీవీలో తెల్లపొగ చూపించారే, కొత్త పోపుని ఎన్నుకున్నది ఈ గదిలోనేనా?" అని గుసగుసగా అడిగింది. అవునన్నాను. పొయ్యి ఎక్కడ పెట్టుంటారో చూద్దామంది. పొయ్యి తీసేశారు. దానికోసం వెతకడానికి మరో నాలుగు నిమిషాలుంటే బాగుండేది.

చూస్తున్నారు కదా, బెజ్జాలు, మెట్లు, పొయ్యి. మా వాళ్ళకు రోమ్ అంటుకున్నది వాళ్ళంతట వాళ్ళు ఏదో ఒకటి వెతుక్కున్న చోటే. వెతుక్కోవడం మొదలుపెట్టగానే జెండా లేచేది.

సరే, ఆ సాయంత్రానికి వద్దాం. గొడవ చల్లారాక మేనేజరు అన్నాడు, "వెళ్ళాలనుకుంటే మెట్రోలో వెళ్ళిరండి. టికెట్టు యూరోన్నర, వంద నిమిషాలు పనిచేస్తుంది. బార్బెరీనీ స్టేషన్లో దిగండి." మా హోటలు ఊరి చివర, మెట్రో ఏ లైన్ అటు చివరి స్టేషన్ అనాన్యీనాకి దగ్గర్లో. గ్రూపులకు ఊరి మధ్యలో హోటలు ఇవ్వరు కదా. ముప్ఫై ఎనిమిది మందిలో పదకొండు మందిమి బయల్దేరాం. మేం ముగ్గురం, బ్యాంకులో రిటైరైన బాబాయిగారు, ఆయన భార్య, కొత్తగా పెళ్ళైన జంట, కరీంనగర్ అక్క, వాళ్ళ ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి ఒంటరిగా వచ్చిన లెక్చరరు గారు.

ఆ పదకొండు మందీ మొదటి రోజు లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగినప్పటి మనుషులు కారు. అప్పుడు లిఫ్టు బటన్ నొక్కడానికి కూడా మేనేజరు వైపు చూసేవాళ్ళం. ఇప్పుడు బ్యాంకు బాబాయిగారికి "ఉషీతా" అంటే బయటికి దారి అని తెలుసు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర అని కరీంనగర్ అక్కకి తెలుసు. ఎవరికి మోకాళ్ళ నొప్పో, ఎవరు వెనకబడతారో, ఎవరు షుగరు మాత్ర వేసుకోవాలో అందరికీ తెలుసు. పన్నెండు రోజుల్లో మేం తిరగడం నేర్చుకున్నాం. ఆ నేర్పు మొత్తం వాడుకోకుండానే విమానం ఎక్కించేస్తారు. ఈత నేర్పి, వచ్చిందనుకున్న రోజున చెరువు గట్టు మీంచే ఇంటికి తోలుకుపోయినట్టు.

దారిలో విత్తోరియో ఎమాన్యుయేలే స్టేషన్లో పిన్ని దిగిపోయింది. ఆవిడ వెనకే మేమూ దిగాం. పెరుగు కావాలట. ఆ చుట్టుపక్కల బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లు ఎక్కువని మేనేజరు ఎప్పుడో అన్నది గుర్తుపెట్టుకుంది. కొట్టు ముందు చెక్కపెట్టెల్లో బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కాకరకాయలు. ఒక పెట్టెలో లావుపాటి కాడలతో బచ్చలి. అమ్మ ఆ కాడ పట్టుకుని విరిచింది. ఠప్పుమంది. కొట్టతను "పుయ్ శాక్" అన్నాడు. అమ్మ "బచ్చలి" అంది. అతను హిందీలో రొయ్యలు వేసి వండుతామన్నాడు, అమ్మ తెలుగులో కంద వేసి వండుతామంది. కంద ఏమిటో చేతులతో చూపించింది, ఏనుగు పాదమంత. ఎలా అర్థమైందో, "ఓల్, ఓల్" అంటూ లోపల్నుంచి నిజంగానే కంద ముక్క తెచ్చి చూపించాడు. మర్నాడు విమానం. వండేది లేదు, తినేది లేదు. అయినా అయిదు నిమిషాలు కాడలు ఏరింది, ఏరి మళ్ళీ పెట్టెలో పేర్చింది. పెరుగుకి డబ్బులిచ్చాం. పిల్లలకు రెండు మామిడి జ్యూసులు ఊరికే ఇచ్చాడు. పన్నెండు రోజుల్లో అమ్మ యూరప్‌లో ఒక మనిషితో మాట్లాడటం అదే మొదటిసారి. రిసెప్షన్లో గుడ్ మార్నింగులు నేను లెక్కేయను.

బార్బెరీనీలో దిగి పొరపాటు సందులోకి తిరిగాం. అక్కడ గోడ పక్కన ఇనుప స్తంభంలాంటి పంపు, వంకర ముక్కులోంచి నీళ్ళు ఆగకుండా పడుతున్నాయి. వీటిని నసోనీ అంటారు, పెద్ద ముక్కులని అర్థం. 1874 నుంచి పెడుతూ వచ్చారు, ఇప్పుడు ఊళ్ళో రెండున్నర వేల దాకా ఉన్నాయి. మా బస్సు ఆగిన చోటల్లా అరలీటరు సీసా రెండు యూరోలకు కొన్నాం, పక్కనే ఇవి కారుతూ ఉన్నాయి! ఎవరో ముసలాయన వచ్చి ముక్కు చివర వేలితో మూశాడు. ముక్కు పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్ళు విల్లులా పైకి లేచాయి. తాగి, తల పంకించి వెళ్ళిపోయాడు. తర్వాత పావుగంట ఆ పదకొండు మందీ వంతులేసుకుని వేలు పెట్టారు. లెక్చరరు గారి చీర తడిసింది. టైమైపోతోందని ఎవరూ అనలేదు. అనేవాడు హోటల్లో నిద్రపోతున్నాడు.

ట్రెవీ దగ్గర కిందికి దిగడానికి లైను. బాగుచేశాక ఒకసారికి 400 మందినే వదులుతున్నారు. నికోలా సాల్వీ నమూనా గీసిన ఈ ఫౌంటెన్ 1762లో పూర్తయింది. నీళ్ళ దారి మాత్రం క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్ప వేయించినది. వీపు తిప్పి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్ళీ రోమ్ వస్తారని నమ్మకం. ఆ నాణేలన్నీ ఏరి కారితాస్ అనే క్యాథలిక్ ధర్మసంస్థకు ఇస్తారు, ఏడాదికి పది లక్షల యూరోలు దాటుతాయి. నేనిదంతా చెప్తుంటే అమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది. వీపు తిప్పలేదు. నీళ్ళకు ఎదురుగా నిలబడి, రాజమండ్రి బ్రిడ్జి మీద రైలు కిటికీలోంచి గోదావరిలోకి వేసినట్టే వేసి, చేతులు కళ్ళకద్దుకుంది. "మళ్ళీ ఎక్కడొస్తాంలే, ఇది దండం పెట్టుకోడానికి" అంది.

నా వాదానికి అడ్డొచ్చే సంగతులు కూడా చెప్పకపోతే అన్యాయం. తిరుగు ప్రయాణంలో పొరపాటున హోటలుకు ఎదురు దిక్కున, బత్తిస్తీనీ వైపు వెళ్ళే రైలెక్కి రెండు స్టేషన్లు పోయాం. ఆ రద్దీలో బ్యాంకు బాబాయిగారి ప్యాంటు జేబులోంచి ముప్ఫై యూరోలు ఎవరో లాఘవంగా లేపేశారు. ఇలాంటివి జరుగుతాయనే కంపెనీలు చివరి రోజు మనల్ని బస్సులోంచి దించవు. పెద్దవాళ్ళు తప్పిపోతే పూచీ ఎవరిదంటే నా దగ్గర గట్టి జవాబేమీ లేదు. ఇంటి నంబరు రాసిన చీటీ, హోటలు కార్డు, జతకో కుర్రమనిషి, ఇంతకు మించి తోచదు. ఓపిక లేనివాళ్ళ మాటేమిటంటారా? మిగతా ఇరవై ఏడు మంది రాజ్మా, అన్నం తిని, సూట్‌కేసులు సర్దుకుని, పదింటికల్లా హాయిగా పడుకున్నారు. ఖాళీ రోజంటే వాళ్ళకు నిద్ర. అదీ కావలసిందే.

తప్పంతా కంపెనీలదే అనను. ఖాళీ పూటకి బస్సు ఖర్చు లేదు, గైడు ఖర్చు లేదు, వాళ్ళకు లాభమే. కానీ "చివరి రోజు: మీ ఇష్టం" అని కరపత్రంలో వేస్తే మనమే ఒప్పుకోం. పక్క కంపెనీవాడు అదే డబ్బుకి ఇంకో చర్చి, ఇంకో ఫోటో స్టాప్ చూపిస్తున్నాడంటాం. ఎన్ని దేశాలు తిప్పుతారని అడుగుతాం గానీ ఒక్క ఊళ్ళో ఎంతసేపు వదుల్తారని అడగం. నేనూ బుక్ చేసేటప్పుడు దేశాలే లెక్కపెట్టాను. చివరికి ఎయిర్‌పోర్టుకు వెళ్ళే బస్సులో, చీకట్లో, మూతలుపడే కళ్ళతో అభిప్రాయాల ఫారం నింపిస్తారు. భోజనం ఎలా ఉంది, హోటలు ఎలా ఉంది, మేనేజరు ఎలా ఉన్నాడు. డ్రైవరుకీ మేనేజరుకీ టిప్పుల కవరు అదే చేత్తో తిరుగుతుంది. అన్నిటికీ "బాగుంది" అని టిక్కు పెట్టాను. ఫారంలో మెట్రో గురించి గడి లేదు.

ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టులో పన్ను వాపసు కౌంటరు ముందు పొడవాటి లైను. బెల్టులు కొన్నవాళ్ళంతా అందులో నిలబడ్డారు. బ్యాంకు బాబాయిగారు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ముప్ఫై యూరోలు ఎలా పోయాయో ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పారు. నాలుగోసారి చెప్పేటప్పటికి దొంగలు ఇద్దరయ్యారు.

మొన్న సంక్రాంతి ముందు ఆ కంపెనీ నుంచే పిన్నికి ఫోనొచ్చింది. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, పది రోజులు, పాత కస్టమర్లకు తగ్గింపు అట. స్పీకర్లో పెట్టి మొత్తం విన్నది. భోజనం సంగతి అడగలేదు, హోటలు సంగతి అడగలేదు.

"అంతా బాగానే ఉంది గానీ బాబూ, ఆఖర్రోజు సాయంత్రం డ్రైవరుకి సెలవేనా?" అంది.